మంచం ఒక్కటే చాలదు: వలస వెళ్లినవారికి ఎలాంటి వసతి కావాలి?

కోనసీమలో గల్ఫ్‌తో సంబంధం లేని వీధి దొరకడం కష్టం. అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు నుంచి కువైట్, దుబాయ్, ఖతార్ వెళ్లినవాళ్లు చాలామంది. ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లూ ఎక్కువే. ఎవరైనా బయలుదేరుతుంటే జీతం ఎంత, వీసా ఏంటి అని అడుగుతాం. ఉండేది ఎక్కడ, గదిలో ఎంతమంది, వంట ఎక్కడ అని మాత్రం పెద్దగా అడగం. కొత్త ఊరు మనిషిని కలుపుకుంటుందా, దూరం పెడుతుందా అనేది చాలావరకు ఆ వసతి మీదే ఆధారపడి ఉంటుంది.

కోరంగి నుంచి రంగూన్ దాకా

గోదావరి డెల్టాకి వలస కొత్త కాదు. బ్రిటిష్ కాలంలో యానాం దగ్గరి కోరంగి రేవు నుంచి, తర్వాత కాకినాడ నుంచి వేలాది తెలుగు కూలీలు బర్మా వెళ్లారు. రంగూన్‌లో తెలుగువాళ్లని 'కోరంగీలు' అనేవారు. రేవులో బరువులు మోసేవాళ్లు, రిక్షా లాగేవాళ్లు ఇరుకు ఇళ్లలో కిక్కిరిసి ఉండేవారు. వాళ్లని పనిలో పెట్టేదీ, అప్పు ఇచ్చేదీ, చాలాసార్లు తల దాచుకునే చోటు చూపించేదీ మేస్త్రీనే. మేస్త్రీని కాదంటే పనితోపాటు గూడు కూడా పోతుంది.

1930 మే నెలలో రేవు సమ్మె తర్వాత, పని ఎవరికి దక్కాలన్న గొడవ రంగూన్‌లో అల్లర్లకి దారితీసింది. బర్మీయుల చేతిలో చాలామంది తెలుగు కూలీలు చనిపోయారు. అసలు కారణం ఉపాధే, ఇళ్లు కాదు. కానీ ఒకరి గడప ఒకరు తొక్కని చోట అనుమానం తొందరగా పాకుతుంది.

బార్కస్, నాంపల్లి సరాయి

హైదరాబాద్‌లో దీనికి వేరే ఉదాహరణ ఉంది. నిజాం కొలువులో పనిచేసేందుకు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల బ్యారక్‌లు ఉన్న చోటే బార్కస్. ఆ పేరు బ్యారక్స్ నుంచే వచ్చింది. 1948లో నిజాం పాలన ముగిసింది. బ్యారక్‌ల చోటు మాత్రం ఇళ్లు, మసీదులు, మైదానం, బజారు ఉన్న మొహల్లాగా నిలబడింది. కుటుంబాలు స్థిరపడ్డాయి. నగరంలోని మిగతావాళ్లు హరీస్ కోసం, జామకాయల కోసం అక్కడికి వెళ్తుంటారు. రాకపోకలు రెండు వైపులా ఉండబట్టే అది నగరంలో భాగమైంది.

నాంపల్లి రైల్వే స్టేషన్ దగ్గర 1919 నాటి సరాయి కట్టడం వెనక ఆలోచన కూడా ముఖ్యమైనదే. కొత్తగా దిగిన ముసాఫిర్‌కి మొదటి కొన్ని రాత్రులే కష్టం. ఆ వసతి ఊరి బయట కాకుండా స్టేషన్ పక్కనే, బజారుకి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది.

గల్ఫ్‌లో రెండు కట్టడాలు

2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులు ఉంటున్న భవనంలో మంటలు లేచి 45 మంది భారతీయులతో సహా దాదాపు 50 మంది చనిపోయారు. మృతుల్లో ఆంధ్రప్రదేశ్ వాళ్లూ ఉన్నారు. కింది అంతస్తులో మొదలైన మంటల పొగ మెట్ల మీదుగా పైకి వ్యాపించింది. గదుల మధ్య తొందరగా అంటుకునే అడ్డుగోడలు ఉన్నాయని, పైకప్పు తలుపుకి తాళం వేసి ఉందని వార్తలు వచ్చాయి.

ఖతార్‌లో 2015లో ప్రారంభమైన లేబర్ సిటీ అలా కాదు. దాదాపు 70 వేల మందికి సరిపడే వసతి, పెద్ద మసీదు, దగ్గరే క్రికెట్ స్టేడియం, దుకాణాలు ఉన్నాయి. సౌకర్యాలు మంచివే. అయితే అది ఉన్నది దోహా శివార్లలోని ఇండస్ట్రియల్ ఏరియా పక్కన. కార్మికుడికి మంచి గది దొరికింది, ఊరు మాత్రం దూరంగానే ఉండిపోయింది.

ఇంటిపని చేసే ఆడవాళ్లకి యజమాని ఇల్లే వసతి. కువైట్ 2015లో తెచ్చిన 68వ నంబర్ చట్టం ప్రకారం వాళ్లకి తగిన వసతి కల్పించాల్సింది యజమానే. లోపల గడియ ఉన్న తలుపు, గాలి వచ్చే కిటికీ, ఇంటికి ఫోన్ చేసుకునే ఏకాంతం ఉంటేనే అది 'తగిన వసతి'. స్టోర్ రూమ్‌లో పరుపు వేస్తే కాదు.

మన దగ్గరికి వచ్చేవాళ్ల సంగతి

గోదావరి జిల్లాల్లో ఇటుక బట్టీలు, రొయ్యల పరిశ్రమ, కట్టుబడి పనుల కోసం ఒడిశా నుంచి, ఉత్తరాంధ్ర నుంచి కుటుంబాలు వస్తుంటాయి. కువైట్‌లో మనవాళ్లు ఎలాంటివాళ్లో ఇక్కడ వాళ్లూ అలాంటివాళ్లే. అంతర్రాష్ట్ర వలస కార్మికులకి తగిన వసతి ఇవ్వాల్సిన బాధ్యత కాంట్రాక్టర్‌దే అని 1979 నాటి చట్టమే చెప్పింది. అయినా బట్టీ పక్కన నిలబడితే నడుం వంచాల్సిన గుడిసెలు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఎలా కట్టవచ్చో కేరళ చూపించింది. పాలక్కాడ్ జిల్లా కంజికోడ్‌లో 2019లో వలస కార్మికుల కోసం 'అప్నా ఘర్' మొదలైంది. 64 గదులు, 32 వంటగదులు, 620 మందికి చోటు. రెండు గదులకి ఒక వంటగది అన్నమాట. ఎవరి అలవాటు ప్రకారం వాళ్లు వండుకోవచ్చు.

కోనసీమ ఇళ్లలోనూ నేర్చుకోవాల్సింది ఉంది. పాత ఇళ్ల ముందు అరుగు ఉండేది. అది సగం ఇల్లు, సగం వీధి. దారిన పోయేవాళ్లు కూర్చుని మాట కలపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇప్పుడు దాని స్థానంలో కాంపౌండ్ గోడ వచ్చింది. పోర్షన్లు అద్దెకిచ్చేవాళ్లు ముందు ఒక అరుగు కట్టిస్తే పెద్ద ఖర్చు కాదు. వరద వచ్చే లంక ప్రాంతాల్లో కూలీల గదులకి కూడా మన ఇళ్లంత ఎత్తు పునాది ఉండాలి.

బయలుదేరే ముందు, అద్దెకిచ్చే ముందు చూసుకోవాల్సినవి

• గదిలో ఎంతమంది? కిటికీ ఉందా?
• బయటికి వెళ్లడానికి రెండో దారి ఉందా? పైకప్పు తలుపు తెరిచి ఉంటుందా?
• సొంతంగా వండుకునే వీలుందా?
• బాత్రూమ్ ఎంతమందికి ఒకటి? ఆడవాళ్లకి వేరుగా ఉందా?
• మసీదు, బజారు, ఆస్పత్రికి నడిచి గానీ బస్సులో గానీ వెళ్లవచ్చా? దూరమైతే చౌక అద్దెలో మిగిలింది చార్జీలకే పోతుంది.
• పని మానేస్తే వెంటనే గది ఖాళీ చేయాలా?

వెళ్లినచోట వసతి బాగోకపోతే ఫొటోలు తీసి ఇంటికి పంపించమని చెప్పండి. అక్కడి భారత రాయబార కార్యాలయానికి, విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో, ఏపీఎన్ఆర్‌టీ సొసైటీకి ఫిర్యాదు చేయవచ్చు. పాస్‌పోర్ట్ కాపీతోపాటు ఉంటున్న భవనం పూర్తి అడ్రస్ కూడా ఇంట్లోవాళ్ల దగ్గర రాసి ఉంచుకోవాలి.