భిలాయి నుంచి పొహాంగ్ దాకా: ఆన్‌లైన్‌లో కొరియా చరిత్ర చదివేదెలా?

కొరియా చరిత్ర అనగానే చాలామందికి టీవీ సీరియళ్లలోని రాజులు, రాణులే గుర్తొస్తారు. భిలాయి లాంటి ఉక్కు పట్టణంలో స్థిరపడిన తెలుగువారికి ఇంకా దగ్గరి దారి ఒకటుంది. అది దక్షిణ కొరియా ఉక్కు పట్టణం పొహాంగ్.

సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందంతో భిలాయి కర్మాగారం వచ్చింది. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. పొహాంగ్ కంపెనీ పుట్టింది 1968లో, ఉత్పత్తి మొదలైంది 1973లో. మనకంటే ఆలస్యంగా మొదలైన ఆ కంపెనీయే నేటి పోస్కో.

డబ్బు ఎక్కడిది?

పట్టుదలతో కట్టారన్న కథ అందరూ చెబుతారు. అసలు ప్రశ్న పెట్టుబడిది. పాశ్చాత్య కంపెనీల కూటమి ద్వారా నిధులు తెచ్చే ప్రయత్నం ఫలించలేదు. అప్పుడు అధ్యక్షుడు పార్క్ చుంగ్ హీ ప్రభుత్వం జపాన్ సొమ్ము వైపు చూసింది. కొరియా 1910 నుంచి 1945 వరకు జపాన్ వలస పాలనలో ఉంది. 1965 ఒప్పందం కింద జపాన్ 30 కోట్ల డాలర్ల గ్రాంటు, 20 కోట్ల డాలర్ల ప్రభుత్వ రుణం ఇచ్చేందుకు అంగీకరించింది. అందులో కొంత పొహాంగ్‌కు వెళ్లింది.

ఆ ఒప్పందంతో పాత లెక్కలన్నీ తీరిపోయాయని జపాన్ వాదన. కానీ 2018 అక్టోబరులో దక్షిణ కొరియా సుప్రీంకోర్టు, యుద్ధకాలంలో వెట్టిచాకిరీ చేయించినందుకు ఒక్కో బాధితుడికి 10 కోట్ల వోన్లు చెల్లించాలని జపాన్ ఉక్కు కంపెనీని ఆదేశించింది. 2023లో దక్షిణ కొరియా ప్రభుత్వం తమ దేశంలోని ఫౌండేషన్ ద్వారానే పరిహారం ఇస్తామంది. దానికి పోస్కో 400 కోట్ల వోన్ల విరాళం ఇచ్చింది. అలా ఒక కర్మాగారం చరిత్ర ఒక దేశం మానని గాయం చరిత్రగా మారుతుంది.

ఎక్కడ చదవాలి?

కొరియా జాతీయ చరిత్ర సంస్థ డేటాబేస్‌లో మూల పత్రాలు ఉచితంగా దొరుకుతాయి. 25 మంది రాజుల పాలనను నమోదు చేసిన జోసన్ రాజవంశ వృత్తాంతాలనూ ఇదే సంస్థ ఆన్‌లైన్‌లో పెట్టింది. వీటిని 1997లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చారు. కొరియన్ అధ్యయన అకాడమీ విజ్ఞాన సర్వస్వం కూడా ఉచితమే. ఇవి ప్రధానంగా కొరియన్‌లోనే ఉంటాయి. ఇంగ్లిషులో చదవాలంటే అమెరికా విదేశాంగ శాఖ ప్రచురించిన దౌత్య పత్రాలు, విల్సన్ సెంటర్ డిజిటల్ ఆర్కైవ్ ఉపయోగపడతాయి. అక్షరాలు, ప్రాథమిక వాక్యాల కోసం కింగ్ సెజోంగ్ సంస్థ ఆన్‌లైన్ పాఠాలున్నాయి.

వెతికేటప్పుడు

కొరియన్ పేర్లను రోమన్ లిపిలో రాసే పద్ధతి 2000లో మారింది. పాత పుస్తకాల్లో పుసాన్, కొత్తవాటిలో బుసాన్. రెండు రూపాలతోనూ వెతకకపోతే సగం సమాచారం కనిపించదు. యంత్రానువాదం కథనం తెలుసుకోవడానికి చాలు కానీ, తేదీలు, పేర్లు, మొత్తాలను మూలంతో సరిచూసుకోవాల్సిందే.

ఇంకో జాగ్రత్త కూడా అవసరం. కంపెనీ చెప్పే చరిత్ర, ప్రభుత్వ పత్రం, కోర్టు తీర్పు మూడూ ఒకే సంఘటనను మూడు రకాలుగా చూపిస్తాయి. ఒక్కదానితో ఆగిపోతే విజయగాథ మాత్రమే మిగులుతుంది. మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివితేనే ఆ ఉక్కుకు ఎవరు ఏ మూల్యం చెల్లించారో తెలుస్తుంది.