ఒకడి తప్పు, మొహల్లాకి శిక్ష

యజమాని లేని చోట స్వేచ్ఛ దానంతటదే వస్తుందని నమ్మేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. దొర పోతే దొరతనం కూడా పోతుందనుకోవడం లాంటిదే ఇది. కంప్యూటర్ల మీద నడిచిన బహిరంగ చర్చల చరిత్ర చదివితే ఈ నమ్మకం ఎంత అమాయకమో తెలుస్తుంది.

1980లో అమెరికాలో డ్యూక్, నార్త్ కరోలినా యూనివర్సిటీల విద్యార్థులు యూజ్‌నెట్ మొదలుపెట్టారు. దానికి కేంద్రం లేదు. ఎవరి యంత్రం మీద వాళ్ళు చర్చల నకలు ఉంచుకుని పక్కవాళ్ళతో ఇచ్చిపుచ్చుకునేవాళ్ళు. అందరూ కలిసి వేసుకున్న ముషాయిరా పందిరి అది. 1994 ఏప్రిల్ 12న లారెన్స్ కాంటర్, మార్తా సీగెల్ అనే ఇద్దరు లాయర్లు అందులో ఐదువేలకు పైగా చర్చాబృందాల మీద ఒకే ప్రకటన గుమ్మరించారు. గ్రీన్‌కార్డ్ లాటరీకి దరఖాస్తు పెట్టిస్తామన్నది ఆ ప్రకటన. అంత పెద్ద చెత్తకి ముడిసరుకు ఏమిటో గమనించండి. వలస వచ్చినవాడి ఆశ!

ఇలాంటి చెత్తకే స్పామ్ అని పేరు. అది నిజానికి ఒక డబ్బా మాంసం పేరు. 1970 నాటి ఒక బ్రిటిష్ టీవీ హాస్యనాటికలో ఆ మాటనే పదేపదే అరుస్తూ పక్కవాళ్ళ మాట వినపడకుండా చేస్తారు. స్పామ్ చేసే పని కూడా అదే. గొంతు పెద్దదైనవాడు చిన్న గొంతును ముంచేస్తాడు.

దీన్ని ఊడ్చడానికి స్వచ్ఛందంగా కొందరు ముందుకొచ్చారు. వాళ్ళలో ‘కాన్సెల్‌మూస్’ పేరుతో పనిచేసిన మనిషి ఎవరో లోకానికి చెప్పుకోలేదు. ఇతరుల సందేశాలు చెరిపే అధికారం వీళ్ళకి ఎవరిచ్చారన్న ప్రశ్న వెంటనే లేచింది. దానికి వాళ్ళు చెప్పిన జవాబు ఇప్పటికీ విలువైంది: ఏం రాశాడన్నది మేం చూడం, ఎన్ని చోట్ల పెట్టాడన్నదే లెక్కపెడతాం. 45 రోజుల్లో ఒకే సందేశం నిర్ణీత హద్దు దాటితే తొలగించడం రివాజయింది. అభిప్రాయం జోలికి పోకుండా చెత్తను పట్టుకునే పద్ధతి ఇది.

ఆ సంయమనం ఎల్లకాలం నిలవలేదు. 1997 ఆగస్టులో యూయూనెట్ అనే కంపెనీ స్పామ్‌ని అదుపు చేయడం లేదని ‘యూజ్‌నెట్ మరణశిక్ష’ విధించారు. అంటే ఆ కంపెనీ ద్వారా వచ్చే సందేశాలను మూకుమ్మడిగా చెరిపేశారు. స్పామ్ పంపినవాడూ పోయాడు, పంపనివాడూ పోయాడు. కంపెనీ దారికొచ్చిన మాట నిజమే. కానీ ఒకడి తప్పుకి మొహల్లా మొత్తాన్ని వేలెత్తి చూపడం ఎలా ఉంటుందో మాకెవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

2016లో యూజెన్ రోచ్కో తెచ్చిన మాస్టోడాన్‌ది కూడా యూజ్‌నెట్ వారసత్వమే. వేల సర్వర్లు, ఎవరి కాపలా వాళ్ళది. 2019 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపేసింది. మొదట, నాజీ సెల్యూట్ కొట్టకుండా గుంపులో చేతులు కట్టుకుని నిలబడ్డ ఒంటరి మనిషి ఫొటో పెట్టినందుకు. తర్వాత, గోరఖ్ పాండే హిందీ కవితను పంచుకున్నందుకు. ఆ కవిత వెనక ఉన్నది మన తెలంగాణ బిడ్డలే. 1975 డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో ఉరితీసిన భూమయ్య, కిష్టాగౌడ్‌లు. ఉరిని నిరసించిన కవితను ద్వేషమని లెక్కగట్టారు! ఆ నవంబర్‌లో మన దేశం నుంచి ఎందరో మాస్టోడాన్‌కి తరలిపోయారు.

అక్కడ మాత్రం అంతా సుఖమా? 2018లో పిట్స్‌బర్గ్ యూదుల ప్రార్థనా మందిరంలో 11 మందిని చంపినవాడు, చంపబోయే ముందు గ్యాబ్ అనే వేదిక మీద రాశాడు. ఆ గ్యాబే 2019 జూలైలో మాస్టోడాన్ సాఫ్ట్‌వేర్ మీదకి మారింది. చాలా సర్వర్లు దానికి తలుపులేశాయి. అది న్యాయమే. ఆ ఇంటి దర్వాజా ద్వేషానికి యజమానే తెరిచి పెట్టాడు కదా. మరోవైపు నల్లజాతివాళ్ళు నడుపుకున్న ప్లేవిషస్ అనే సర్వర్ వేధింపుల మధ్య 2020లో మూతపడింది. సొంతిల్లు కట్టుకున్నా వీధి బాగుండకపోతే ఉండనివ్వరు.

2024 ఫిబ్రవరిలో స్పామ్ మళ్ళీ ముంచెత్తింది. దాడి చేసినవాళ్ళు పెద్ద సర్వర్ల కన్నా, తలుపులు బార్లా తెరిచి కాపలా మరిచిన చిన్న సర్వర్లనే వాడుకున్నారు. మిగతావాళ్ళు ఆ చిన్నవాటితో సంబంధం తెంచుకున్నారు. మోడరేటర్లు వారంపాటు కనిపించకపోతే కొత్త ఖాతాలు అనుమతి కోసం ఆగేలా ఆ తర్వాత సాఫ్ట్‌వేర్‌ని మార్చారు.

ఈ చరిత్ర మాకు దూరపు ముచ్చట కాదు. 2021లో ‘సుల్లీ డీల్స్’, 2022 జనవరి 1న ‘బుల్లీ బాయి’ అంటూ ముస్లిం ఆడవాళ్ళ ఫొటోలు పెట్టి వేలం ఆట ఆడింది గిట్‌హబ్ మీద. దానికి మైక్రోసాఫ్ట్ అంతటి యజమాని ఉన్నాడు. ఐనా మా ఆడబిడ్డల ఇజ్జత్ బజార్న పడ్డాకే అవి తొలగాయి.

కాబట్టి యజమాని ఉన్నాడా లేడా అన్న దగ్గరే చర్చ ఆగకూడదు. చీపురు ఎవరి చేతిలో ఉంది? ఏది చెత్త అని ఎవరు చెబుతున్నారు? ఉర్దూలో వచ్చిన తిట్టునీ దుఆనీ, తెలుగులో వచ్చిన వెటకారాన్నీ వేదననీ వేరుచేయగలవాళ్ళు ఆ కాపలాలో ఉన్నారా? మనిషిని అడగకముందే మొహల్లాని వెలివేయకుండా ఆపే నియమం ఉందా? ఈ ప్రశ్నలు అడగాలంటే ముందు మనం కాపలాకి కూర్చోవాలి. విసుగు పుట్టించే పనే, జీతం లేని పనే. ఐనా మనం వదిలేసిన చీపురు ఎవరో ఒకరి చేతికి పోతుంది. వాళ్ళు ముందుగా ఎవర్ని ఊడుస్తారో మనకి తెలుసు.