ఆది క్రైస్తవ ఆరాధన, సువార్త పాఠాలు

ఆది క్రైస్తవ ఆరాధన: క్రీ.శ. 1–3 శతాబ్దాల్లో రోమన్ సామ్రాజ్యంలోని క్రైస్తవ సంఘాలు పాటించిన ప్రార్థన, పఠన, భోజన, బాప్తిస్మ పద్ధతులు. సువార్తలు ప్రధానంగా ఈ సంఘాల కూడికల్లో బిగ్గరగా చదవగా జనం విన్నవే కాబట్టి, వాటి అధ్యయనానికి ఈ నేపథ్యం కీలకం.

ఆధారాలు: సుమారు 112లో బితూనియ పాలకుడు ప్లినీ, క్రైస్తవులు తెల్లవారకముందే కూడి క్రీస్తును దేవుడిగా కీర్తిస్తారని ట్రాజన్ చక్రవర్తికి రాశాడు. సుమారు 155లో రోమ్‌లో క్రైస్తవ రచయిత జస్టిన్ ఆదివారపు కూడికను వర్ణించాడు: అపొస్తలుల జ్ఞాపకాలు లేదా ప్రవక్తల రచనల పఠనం, ప్రసంగం, ప్రార్థన, రొట్టె–ద్రాక్షారసం పంపకం, అనాథలకూ విధవరాండ్రకూ చందా. ఈ జ్ఞాపకాలనే సువార్తలంటారని ఆయనే చెప్పాడు.

పాఠాలపై ముద్ర: ప్రభు రాత్రి భోజనపు మాటలు పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, లూకా సువార్తలో దగ్గరగా ఉంటాయి. రెండింటి వెనుక ఆరాధనలో వాడుకైన సంప్రదాయం ఉందని పండితుల అభిప్రాయం. మత్తయిలోని ప్రభువు ప్రార్థన చివరి స్తుతివాక్యం సీనాయి, వాటికన్ అనే ప్రాచీన చేతిప్రతుల్లో లేదు. అలాంటి స్తుతి ‘డిడాకే’ అనే ఆది క్రైస్తవ గ్రంథంలో ఉంది. అదే గ్రంథం ఆ ప్రార్థనను రోజుకు 3 సార్లు చేయమంటుంది. ఆరాధనలోని వాడుక నుంచే ఈ స్తుతివాక్యం మత్తయి తర్వాతి ప్రతుల్లో చేరిందని భావిస్తారు.