దూరప్రయాణంలో ఆగిపోయే ఇంజన్: కారణాన్వేషణ చరిత్ర

పరిచయం

ఒక కారు ఊళ్లో తిరిగినంతకాలం ఏ ఇబ్బందీ పెట్టదు. రహదారి ఎక్కి గంటో రెండు గంటలో నడిచాక ఇంజన్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. డ్రైవరు దిగి బానెట్ ఎత్తుతాడు. కంటికి ఏ తేడా కనిపించదు. చెట్టు నీడన అరగంట కూర్చుని మళ్లీ తాళం తిప్పితే, ఏమీ జరగనట్టు ఇంజన్ అందుకుంటుంది. మర్నాడు మెకానిక్ దగ్గరకు తీసుకెళితే బండి చక్కగా నడుస్తుంది. "ఇందులో లోపం ఏమీ లేదండీ" అంటాడతను. అతను అబద్ధం చెప్పడం లేదు. అతని ముందు నిలబెట్టిన బండిలో ఆ సమయాన నిజంగానే లోపం లేదు.

సాంకేతిక చరిత్ర చదివే విద్యార్థులు ఈ సమస్యను ఎందుకు పట్టించుకోవాలి? చరిత్రకారుడి పరిస్థితి కూడా ఈ మెకానిక్ పరిస్థితి లాంటిదే. సంఘటన జరిగిపోయింది, అతను వచ్చేసరికి జాడలు మాత్రమే మిగిలాయి. ఇంజన్ చల్లబడితే ఆ జాడలు కూడా ఉండవు. మిగిలేది డ్రైవరు చెప్పే మాట ఒక్కటే. ఆ మాటను ఎవరు నమ్మారు, ఎవరు కొట్టిపారేశారు, దాని ఫలితంగా ఏం జరిగింది అన్నది ఈ పాఠంలో పరిశీలిద్దాం.

పెట్రోలా, కరెంటా?

కారులో చేసిన మొదటి దూరప్రయాణంగా చరిత్ర గ్రంథాలు పేర్కొనేది 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ చేసిన ప్రయాణాన్ని. జర్మనీలోని మన్‌హైమ్ నుంచి పుట్టిల్లు ఉన్న ఫోర్ట్స్‌హైమ్‌కు, భర్త కార్ల్ బెంజ్‌కు ముందుగా చెప్పకుండా, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని ఆమె సుమారు 100 కిలోమీటర్లు వెళ్లారు. దారిలో ఇంధనపు గొట్టంలో చెత్త అడ్డుపడితే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి శుభ్రం చేశారనీ, పైపొర అరిగిన విద్యుత్ తీగకు మేజోడు పట్టీని చుట్టారనీ చెబుతారు. ఈ వివరాలు చాలావరకు ఆ కుటుంబం వారి జ్ఞాపకాల ద్వారా మనకు చేరినవి. కాబట్టి వాటిని ప్రత్యక్ష దస్తావేజుతో సమానంగా తీసుకోకూడదు. అయినా ఈ కథలోని రెండు మరమ్మతులను గమనించండి. మొదటిది ఇంధనానికి, రెండోది విద్యుత్తుకు సంబంధించినది. తర్వాతి నూరేళ్లలో పెట్రోల్ ఇంజన్ దారిలో ఆగినప్పుడల్లా మెకానిక్ వేసుకున్న మొదటి ప్రశ్న ఇదే: పెట్రోల్ రావడం లేదా, కరెంటు రావడం లేదా?

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ కారులో పెట్రోల్ పంపు ఉండేది కాదు. ట్యాంకు సీటు కింద ఉండేది. పెట్రోల్ తన బరువుతో తానే కార్బొరేటర్‌లోకి జారేది. ట్యాంకులో పెట్రోల్ తక్కువగా ఉన్నప్పుడు నిటారైన ఎత్తు ఎక్కితే కార్బొరేటర్ ట్యాంకు కంటే పైకి వెళ్లి ఇంజన్ ఆగిపోయేది. అందుకే డ్రైవర్లు అలాంటి చోట బండిని వెనక్కి తిప్పి రివర్సు గేరులో కొండ ఎక్కేవారు. ఇక్కడ లోపం కనిపెట్టడానికి పరికరం ఏదీ అవసరం లేకపోయింది. ఎత్తు ఎక్కితే ఆగుతుంది, చదునుకు వస్తే నడుస్తుంది. కారణం కళ్లెదుటే ఉంది.

1920ల చివరి నుంచి ట్యాంకును కారు వెనక్కి మార్చి, ఇంజన్ పక్కన బిగించిన పంపుతో పెట్రోల్‌ను లాగే పద్ధతి వ్యాపించింది. దాంతో ఎత్తు సమస్య తీరింది, వేడి సమస్య మొదలైంది. పెట్రోల్ ఒకే పదార్థం కాదు, అనేక హైడ్రోకార్బన్ల మిశ్రమం. వాటిలో తేలికైనవి సుమారు 35–40 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడతాయి. బరువైనవి 200 డిగ్రీల దాకా ఆగుతాయి. పంపు లాగుతున్నప్పుడు గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే ద్రవం ఇంకా తక్కువ వేడికే మరుగుతుంది. ఎత్తైన ప్రదేశాల్లో గాలి ఒత్తిడి కూడా తక్కువ కాబట్టి ఇబ్బంది రెట్టింపు అవుతుంది. గొట్టంలో ఆవిరి బుడగ ఏర్పడితే పంపు ఆ ఆవిరినే పీలుస్తూ వదులుతూ ఉంటుంది. పెట్రోల్ ముందుకు కదలదు. దీన్నే వేపర్ లాక్ అంటారు. మన డ్రైవర్లు చాలామంది దీన్ని ఎయిర్ లాక్ అని కూడా అంటారు గాని, లోపల ఉన్నది గాలి కాదు, పెట్రోల్ ఆవిరే.

1950ల చివర నుంచి 2014 దాకా ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్ కారును ఎండాకాలంలో నడిపినవారికి ఈ విషయం పుస్తకం అక్కర్లేకుండానే తెలుసు. నేను ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో, ఒక మే నెలలో మా శాఖ బండిలో శ్రీశైలం వెళుతుండగా ఘాట్ మీద ఇంజన్ ఆగింది. డ్రైవరు తడిబట్ట తీసి పెట్రోల్ పంపుకు చుట్టి, దాని మీద కాసిని నీళ్లు పోసి, "పది నిమిషాలు సార్" అన్నాడు. పది నిమిషాలకే బయలుదేరాం. ఆయనకు బాష్ప పీడనం గురించి తెలియదు. పంపు చల్లబడితే బండి నడుస్తుందని తెలుసు. ఆయన చేసినది మరమ్మతు మాత్రమే కాదు, పరీక్ష కూడా. ఒక్క భాగాన్ని మాత్రమే చల్లబరిచి ఫలితం చూశాడు. పంపు చల్లబడగానే ఇంజన్ అందుకుంది కాబట్టి కారణం పెట్రోల్ వైపే ఉందని దాదాపుగా తేలిపోయింది. బానెట్ తెరిచి అంతా చల్లారేదాకా ఊరికే కూర్చుని ఉంటే మళ్లీ బయలుదేరేవాళ్లమే గాని, కారణం మాత్రం తెలిసేది కాదు.

కరెంటు వైపు కూడా వేడి ఇలాంటి పనే చేస్తుంది. చార్లెస్ కెటరింగ్ రూపొందించి 1910 కాడిలాక్ కార్లలో ప్రవేశపెట్టిన బ్యాటరీ–కాయిల్ పద్ధతి కొద్ది మార్పులతో అరవై ఏళ్లకు పైగా చలామణీలో ఉంది. కాయిల్‌లో వెంట్రుకలాంటి రాగితీగ వేల చుట్లు ఉంటుంది. ఎక్కడో ఒక చుట్టు దగ్గర తీగ బలహీనపడితే, వేడికి వ్యాకోచించినప్పుడు తెగుతుంది, చల్లబడితే మళ్లీ అతుక్కుంటుంది. కండెన్సర్ కూడా వేడికే చెడేది. పాత మెకానిక్‌లు దీన్ని గుర్తించడానికి ఒక కొండగుర్తు చెప్పేవారు. ఇంజన్ దగ్గుతూ, కుదుపులిస్తూ, ఊపిరాడనట్టు మెల్లగా ఆగితే పెట్రోల్ సమస్య. స్విచ్చి కట్టేసినట్టు టక్కున ఆగితే కరెంటు సమస్య. ప్రతిసారీ నిజం కాదు గాని, ఎక్కువసార్లు నిజం. ఈ కొండగుర్తు పూర్తిగా డ్రైవరు సాక్ష్యం మీద ఆధారపడిందని గుర్తించండి. బండి ఎలా ఆగిందో చెప్పగలిగింది అతనొక్కడే.

ట్యాంకు మూత సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పెట్రోల్ ఖర్చవుతున్న కొద్దీ ఆ స్థలంలోకి గాలి రావాలి. మూతలోని సన్నని రంధ్రం దుమ్ముతో పూడిపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి, కొంత దూరం పోయాక పెట్రోల్ రావడం ఆగిపోతుంది. మూత తీస్తే గాలి బుస్సుమని లోపలికి వెళుతుంది, బండి నడుస్తుంది. ఇంజన్ విప్పి వేల రూపాయల పని చేయించుకున్నాక మూత దగ్గర కారణం దొరికిన కథలు ప్రతి వర్క్‌షాపులోనూ వినిపిస్తాయి.

నమ్మని సాక్ష్యం

1970ల నుంచి కాలుష్య నియంత్రణ చట్టాలు కఠినమవడంతో కాంటాక్ట్ పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ మాడ్యూళ్లు వచ్చాయి. పాయింట్లు అరిగితే కంటికి కనిపించేవి. మాడ్యూల్ మూసి ఉన్న పెట్టె. వేడెక్కినప్పుడు చెడి, చల్లబడినప్పుడు బాగుపడే మాడ్యూల్‌ను పైనుంచి చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు.

1983 నుంచి 1995 దాకా ఫోర్డ్ కంపెనీ అమెరికాలో అమ్మిన లక్షలాది వాహనాల్లో థిక్ ఫిల్మ్ ఇగ్నిషన్ అనే మాడ్యూల్‌ను డిస్ట్రిబ్యూటర్‌కే బిగించారు. అంటే ఇంజన్ వేడి నేరుగా తగిలే చోట అన్నమాట. రోడ్డు మీద ఇంజన్ హఠాత్తుగా ఆగుతోందని యజమానులు ఫిర్యాదు చేశారు. ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ 1980లలో పలుమార్లు విచారణ మొదలుపెట్టింది, రీకాల్‌కు ఆదేశించకుండానే మూసేసింది. వర్క్‌షాపుకు తెచ్చిన బండి నడుస్తూనే ఉండటం యజమానులకు పెద్ద చిక్కైంది. చివరికి కాలిఫోర్నియా యజమానులు సామూహిక దావా వేశారు. మాడ్యూల్‌ను వేడి తగిలే చోట అమర్చడమే లోపమని, ఆ సంగతి కంపెనీకి తెలిసీ దాచిందని న్యాయమూర్తి నిర్ధారించి, 2000లో ఆ రాష్ట్రంలోని సుమారు 17 లక్షల వాహనాల రీకాల్‌కు ఆదేశించారు. కంపెనీ ఆ ఆరోపణలను ఒప్పుకోలేదు. 2001లో ఇరుపక్షాలూ రాజీకి వచ్చాయి.

ఈ కేసును కంపెనీ అత్యాశకు ఉదాహరణగా మాత్రమే చదివితే సగమే చదివినట్టు. నా ఉద్దేశంలో ఇందులోని అసలు ప్రశ్న సాక్ష్యానికి సంబంధించినది. ఒక డ్రైవరు "వేడెక్కితే ఆగుతోంది" అంటే అది అనుమానం. వేలమంది ఒకరికొకరు తెలియకుండా అదే మాట చెబితే అది ఆధారం. కాని ఆ వేలమంది మాటలు వేర్వేరు వర్క్‌షాపుల కాగితాల్లో, ఒక్కోచోట "లోపం కనబడలేదు" అన్న పొడిమాటగా నమోదయ్యాయి. ఆ కాగితాలను ఒకచోట చేర్చి చదివితే తప్ప అవి ఆధారంగా మారవు. గ్రామ కరణాల లెక్కలనో, ఆసుపత్రి రిజిస్టర్లనో చదివే చరిత్రకారుడు చేసేదీ ఇదే పని.

ఇంజన్ ఆగడాన్ని ఏ పేరుతో నమోదు చేస్తారన్నది కూడా ముఖ్యమే. దీనికి 2014లో బయటపడిన జనరల్ మోటార్స్ ఉదంతం చూడాలి. ఇక్కడ కారణం వేడి కాదు, తాళం స్విచ్చి. షెవర్లే కోబాల్ట్ వంటి కార్లలో ఆ స్విచ్చి వదులుగా ఉండటం వల్ల, తాళాల గుత్తి బరువుకో మోకాలు తగిలో ప్రయాణం మధ్యలో తిరిగిపోయేది. ఇంజన్ ఆగేది, స్టీరింగ్‌కు, బ్రేకుకు అందే సహాయశక్తి పోయేది, ఎయిర్‌బ్యాగులు కూడా పనిచేసేవి కావు. కంపెనీ ఇంజనీర్లు ఏళ్ల తరబడి దీన్ని వినియోగదారు సౌకర్యానికి సంబంధించిన విషయంగా వర్గీకరించారు. ఇంజన్ ఆగినా బండిని పక్కకు తీసుకోవచ్చు కదా అన్నది వారి వాదన. ఆగిన ఇంజన్‌కూ, తెరుచుకోని ఎయిర్‌బ్యాగ్‌కూ సంబంధం ఉందని వారికి చాలాకాలం తట్టలేదు. మధ్యలో 2006లో స్విచ్చిని సరిచేశారు, కాని విడిభాగం సంఖ్యను మార్చలేదు. దాంతో పాత స్విచ్చి ఏదో, కొత్తది ఏదో కాగితాల మీద తేడా తెలియకుండా పోయింది. 2014లో సుమారు 26 లక్షల కార్లను రీకాల్ చేశారు. పరిహార నిధి 124 మరణాలను ఈ లోపంతో ముడిపడినవిగా అంగీకరించింది.

స్వయం పరిశీలన: ఒక సంఘటనను "సౌకర్యం" కింద నమోదు చేయడానికీ, "భద్రత" కింద నమోదు చేయడానికీ తేడా ఏమిటి? మీరు చదివిన కరువు నివేదికల్లో గాని, అంటువ్యాధుల నివేదికల్లో గాని ఇలాంటి వర్గీకరణ కనిపిస్తే గుర్తుచేసుకోండి.

బండే చెప్పే సాక్ష్యం

ఎలక్ట్రానిక్ పద్ధతిలో పెట్రోల్ చిమ్మే ఏర్పాటును బాష్ కంపెనీ 1967లో ఫోక్స్‌వాగన్ కారులో ప్రవేశపెట్టింది. క్రమంగా పంపు ట్యాంకు లోపలికి చేరింది. లాగడానికి బదులు ఎక్కువ ఒత్తిడితో నెట్టడం వల్ల వేపర్ లాక్ బాగా తగ్గిపోయింది. మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోల్ కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి అయింది. 2000 తర్వాతి ప్రమాణాలతో కొత్త కార్ల నుంచి కార్బొరేటర్ దాదాపు తప్పుకుంది. తడిబట్ట కాలం అక్కడితో ముగిసింది.

కాలిఫోర్నియా 1988 మోడళ్ల నుంచీ, అమెరికా మొత్తం 1996 మోడళ్ల నుంచీ, కారు తన లోపాలను తానే నమోదు చేసుకోవాలని నిబంధన పెట్టాయి. మన దేశంలో ఇది 2010లోనూ, మరింత విస్తృతంగా 2013లోనూ అమలులోకి వచ్చింది. లోపం తలెత్తిన క్షణాన ఇంజన్ వేగం ఎంత, నీటి వేడి ఎంత, భారం ఎంత అన్నవి కంప్యూటరు భద్రపరుస్తుంది. ఇంజన్ చల్లబడినా ఆ నమోదు చెరిగిపోదు. అంతకుముందు డ్రైవరు జ్ఞాపకంలో మాత్రమే ఉండే విషయానికి ఇప్పుడు ఒక రాతప్రతి ఏర్పడిందన్నమాట.

అయితే ఏ రాతప్రతినైనా విమర్శనాత్మకంగా చదవాలి. నేటి కార్లు దూరప్రయాణంలో ఆగిపోవడానికి తరచుగా కనిపించే కారణం క్రాంక్ షాఫ్ట్ స్థితిని తెలిపే సెన్సర్. దాని లోపలి తీగచుట్ట వేడికి తెగి, చల్లబడితే కలుస్తుంది. పాత కాయిల్ కథే మళ్లీ వచ్చింది. స్కానరు పెడితే పి0335 అనే సంకేతం రావచ్చు. ఆ సంకేతం సెన్సర్ చెడిందని చెప్పదు. ఆ సర్క్యూట్ నుంచి సమాచారం సరిగా రాలేదని మాత్రమే చెబుతుంది. తప్పు సెన్సర్‌లో ఉండొచ్చు, ఒరుసుకుపోయిన తీగలో ఉండొచ్చు, తుప్పు పట్టిన కనెక్టర్‌లో ఉండొచ్చు. సంకేతాన్ని తీర్పుగా తీసుకుని సెన్సర్ మార్చి, బండి మళ్లీ అదే రోడ్డు మీద ఆగితే కంపెనీని తిట్టుకునేవారు తక్కువేం కాదు. ఇక ట్యాంకులోని పంపు సంగతి: దాన్ని చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. ఎప్పుడూ ట్యాంకు అడుగంటాకే పోయించే బండిలో పంపు వేడెక్కి బలహీనపడుతుంది. చాలా సందర్భాల్లో దీనికి ఏ సంకేతమూ నమోదు కాదు. అప్పుడు మెకానిక్ మళ్లీ డ్రైవరునే అడగాలి: ఎంతసేపు నడిచాక ఆగింది, ట్యాంకులో ఎంత ఉంది, దగ్గుతూ ఆగిందా, టక్కున ఆగిందా?

అభ్యాసం: మీ ఊళ్లో అంబాసిడర్‌నో, పాత ఫియట్‌నో ఏళ్ల తరబడి నడిపిన ఒక డ్రైవరును కలవండి. ఎండాకాలంలో బండి ఆగినప్పుడు ఆయన మొదట ఏ భాగాన్ని ముట్టుకునేవారో, ఎందుకో అడిగి, ఆయన వాడిన మాటల్లోనే రెండు పుటలకు మించకుండా రాయండి. ఆయన మాటను మీరు దిద్దవద్దు.