బెనారస్ మెట్రిక్‌తో మొదలైన సభ

ఆంధ్ర మహిళా సభ అంటే హైదరాబాదువాళ్లకు ఉస్మానియా యూనివర్సిటీ దారిలోని కళాశాలలు, ఆసుపత్రి గుర్తొస్తాయి. చెన్నైవాళ్లకు అడయారు. సభ మొదలైంది మాత్రం మైలాపూరులో, 1937లో, కొందరు ఆడపిల్లలను బెనారస్ మెట్రిక్ పరీక్షకు కూర్చోబెట్టడానికి. ప్రైవేటుగా రాయొచ్చు గనక బడి మానేసినవాళ్లకు ఆ పరీక్షే దిక్కు. సభను స్థాపించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారూ అలాగే గట్టెక్కారు.

ఆమె 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏట పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురం వద్దని చెప్పేశారు, పుట్టింటివాళ్లు అండగా నిలిచారు.

1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో టికెట్ లేదని నెహ్రూను ఆపిన సంగతి అందరూ చెప్పుకుంటారు. నాకు అంతకు రెండేళ్ల ముందు జరిగింది ఇంకా గొప్పదనిపిస్తుంది. గాంధీజీ కాకినాడ వస్తున్నారని తెలిసి, దేవదాసీలూ ఘోషా స్త్రీలూ ఆయన్ను కలిసి తీరాలని ఈ పిల్ల పట్టుబట్టింది. అప్పటికి పన్నెండేళ్లు నిండలేదు. ఐదు వేల రూపాయల నిధి ఇస్తే కాసేపు సమయం ఇప్పిస్తామన్నారు పెద్దలు. ఆ డబ్బు దేవదాసీలే పోగుచేశారు. ఊరు దూరం పెట్టిన ఆడవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టాలన్న పట్టుదల ఆమెకు అప్పటికే ఉంది.

ఉప్పు సత్యాగ్రహం జైలుకు పంపింది. మదురై జైల్లో ఒంటరి కొట్టు. తమ మీద కేసేమిటో కూడా తెలియని ఆడఖైదీలను చూశాకే లా చదవాలన్న కోరిక గట్టిపడింది. వాల్తేరులో బీఏ ఆనర్సుకు వెళ్తే ఆడపిల్లలకు హాస్టల్ లేదన్నారు. చదువుకోవాలనుకునేవాళ్లు రండి అని పేపర్లో ప్రకటన వేసి, వచ్చినవాళ్లతో తానే హాస్టల్ పెట్టేశారు! తనకు అడ్డొచ్చిన గోడను తన తర్వాతివాళ్ల కోసం కూడా కూల్చడం ఆమె పద్ధతి. సభ చరిత్రంతా అదే.

ఆమె వద్దనుకున్న భర్త మళ్లీ పెళ్లి చేసుకుని, కొన్నాళ్లకు పోయారు. దిక్కులేకుండా మిగిలిన ఆ ఇల్లాలిని దుర్గాబాయి గారే చేరదీశారు, సభలోనే పని నేర్పించి తన కాళ్లమీద నిలబెట్టారు. దుర్గాబాయి గారి మనసేమిటో తెలియాలంటే ఆమెకొచ్చిన పద్మవిభూషణ్ కంటే ముందు ఈ సంగతి చెప్పుకోవాలి.

రాజ్యాంగ సభ, ప్రణాళికా సంఘం, సి.డి. దేశ్‌ముఖ్‌తో వివాహం అందరికీ తెలిసినవే. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. చదువు మధ్యలో ఆగిన స్త్రీలను రెండేళ్లలో పరీక్షకు తయారుచేసే మైలాపూరు పద్ధతి, 1958 నుంచి ఆ బోర్డు ద్వారానే కండెన్స్‌డ్ కోర్సుగా దేశమంతా వెళ్లింది. వితంతువులూ భర్తలు వదిలేసినవాళ్లూ అలా చదువుకుని టీచర్లు, నర్సులు, గ్రామసేవికలు అయ్యారు.

సభ జూబిలీ సంచికల్లో భవనాల ఫొటోలు ఎలాగూ ఉంటాయి. సభలో మెట్రిక్ పాసైన ఆ తొలినాటి ఆడవాళ్ల పేర్లు, పాత రిజిస్టర్లలో దొరికినన్ని, వరసగా అచ్చువేయాలని సంపాదకులకు నా మనవి.