లోపలి గుడ్డ మోసే బరువు

పెళ్ళిపందిట్లో అక్షింతలు వేయడానికి చెయ్యెత్తేసరికి జాకెట్టు హుక్కు పుటుక్కుమంటుంది. గబుక్కున పమిట సర్దుకుని, పిన్నీసు కోసం పక్కావిడ చెవిలో గొణగడం మనలో చాలామందికి అనుభవమే! ఈ చిక్కు ఒకనాటి ఇంగ్లండు ఆడవాళ్ళకూ వుండేది. వాళ్ళు దాన్నెలా దాటారో చూద్దాం.

పద్దెనిమిదో శతాబ్దంలో వాళ్ళు గౌను ముందుభాగం మూయడానికి ఎక్కువగా వాడింది గుండుసూదులే. వింటే భయం వేస్తుంది కదూ! కాని గౌను కింద, తిమింగలం నోటిలోని పలకలను సన్నగా చీల్చి, బద్దలుగా పెట్టి కుట్టిన గట్టి బాడీసు వుండేది. సూది దాని పైపొరలోకి దిగేదే గాని ఒంటికి తగిలేది కాదు. ఒళ్ళు చేసినా, నెలలు నిండుతున్నా సూది కాస్త జరిపి గుచ్చుకుంటే సరిపోయేది.

పందొమ్మిదో శతాబ్దంలో పై జాకెట్టునే ఒంటికి అతికినట్టు కుట్టడం మొదలైంది. హుక్కుల అవసరం పెరిగింది. అవి బయటికి కనబడకూడదు, ఊడిపోనూ కూడదు. కుట్టేవాళ్ళు కొన్ని ఉపాయాలు పన్నారు. హుక్కులన్నీ ఒకే అంచున కుట్టకుండా, ఈ అంచున ఒక హుక్కు, ఒక కాజా, ఆ అంచున వాటికి ఎదురుగా ఒక కాజా, ఒక హుక్కు, ఇలా మార్చి మార్చి కుట్టేవారు. అన్నీ ఒక్కసారిగా జారిపోయే వీలుండదన్నమాట. నడుము దగ్గర లోపల గట్టి పట్టీ వేసి, దానికి వేరే హుక్కు పెట్టేవారు. ముందు అది బిగిస్తే, లాగుడంతా అదే భరించేది. 1890 తర్వాత లైనింగును మాత్రం ఎదమధ్య హుక్కులతో బిగించి, పైగుడ్డను దాని మీదుగా కప్పి, భుజం దగ్గరా పక్కనా చిన్న హుక్కులతో ఆపిన జాకెట్లు ఎన్నో వచ్చాయి. ‘‘ఈవిడ ఇందులో ఎలా దూరిందబ్బా!’’ అనిపించేది చూసేవాళ్ళకు.

అందం పైగుడ్డది, బరువు లోపలి గుడ్డది. ఆ నడుం పట్టీ మీద దుకాణం యజమాని పేరుండేది గాని, కుట్టిన పిల్ల పేరుండేది కాదు. లండన్‌లో 1863 జూన్‌లో మేరీ ఆన్ వాక్లీ అనే ఇరవయ్యేళ్ళ అమ్మాయి, గొప్పింటి స్త్రీల నాట్యవిందు దుస్తుల కోసం ఏకబిగిని 26 గంటలకు పైగా కుట్టి ప్రాణం విడిచింది. పత్రికలు గగ్గోలు పెట్టాకగాని ఆ పేరు లోకానికి తెలియలేదు.

ఈసారి హుక్కు కుట్టేటప్పుడు ఒంటిపొర గుడ్డకు రెండు కుట్లు వేసి వదిలెయ్యకండి. కింద మందపాటి పట్టీ వెయ్యండి. హుక్కు రెండు కళ్ళతోపాటు దాని మెడ దగ్గర కూడా నాలుగు కుట్లు వెయ్యండి. కుట్టు పట్టీకే పడాలి, పైకి కనబడకూడదు. పందిట్లో పిన్నీసు వెతుక్కునే పని తప్పుతుంది. పనిలో పనిగా, మీ జాకెట్లు కుట్టే అమ్మాయి పేరేమిటో కూడా ఒకసారి అడగండి.