మాయాజనుల దేహసంస్కారము

"మాయా" అను నామము వినబడగానే మనలో కొందరు మయుని స్మరించి, ఆ జనులు మయాసురుని సంతతివారే యని నిశ్చయించుట కలదు. అది శబ్దసామ్యమాత్రము, దానికి చారిత్రకాధారము లేదు. నేటి మెక్సికో దేశపు ఆగ్నేయభాగమునందును, గ్వాటెమాల, బెలీజ్ దేశములయందును, హోండురాస్ పశ్చిమప్రాంతమునందును క్రీ.శ. 250 మొదలు 900 వరకు మహోన్నతస్థితిలో నుండిన నగరములు వారివి. వారి దేహచింతన వారిదే. దానిని దానిగనే చూచుట యుక్తము.

శిశువు జన్మించిన నాలుగైదు దినములకే తల్లి దాని శిరస్సునకు ముందొక పలక, వెనుకనొక పలక నుంచి బిగించి కట్టెడిది. అప్పటికి మాడు మెత్తగా నుండును, కపాలాస్థులు పరస్పరము అతుకుకొని యుండవు. కావున నొసలు వెనుకకు వాలి, శిరస్సు పొడవుగా పెరిగెడిది. ఇది రాజకులమునకే పరిమితమైన వేడుక కాదు. త్రవ్వకములలో లభించిన అస్థిపంజరములను బట్టి స్త్రీపురుషులకును, సామాన్యులకును ఈ సంస్కారము జరిగినట్లు తెలియుచున్నది. కర్ణవేధ పేరిట పసిబిడ్డల చెవులు కుట్టించు మనము దీనిని వినినంతనే క్రౌర్యమని తీర్పు చెప్పుటకు త్వరపడరాదు. అయినను, ఆ శిశువుల రోదనమును ఏ శిలాశాసనమును చెక్కి యుంచలేదను సంగతియు మరువరానిది.

ఆ ఆకృతియే ఏల? కీచే మాయాజనుల పవిత్రగ్రంథమగు పోపోల్ వుహ్‌లో మానవసృష్టి కథ కలదు. దేవతలు మొదట మట్టితో మనిషిని చేసిరి. అతడు నీట కరగిపోయెను. పిదప కొయ్యతో చేసిరి. ఆ మనుష్యులు మాటలాడిరి గాని వారికి హృదయము లేదు, తమను సృజించినవారి స్మరణ లేదు. తుదకు తెల్లని, పచ్చని మొక్కజొన్నల పిండితో చేసినప్పుడు నిజమైన మానవులు కలిగిరి. మాయాశిల్పులు మొక్కజొన్న దేవుని శిరస్సును కంకివలె పొడవుగాను, కేశములను కంకిపీచువలెను మలచిరి. శిశువు తలను ఆ దేవుని రూపమునకు చేర్చుటయే ఆ కట్టుటలోని భావమని పలువురు పండితుల అభిప్రాయము.

పాలెంకే నగరాధిపతియగు పకాల్ మహారాజు దీనికి ఉత్తమనిదర్శనము. ఆయన 603లో జన్మించి, పండ్రెండవ యేట 615లో సింహాసనమెక్కి, 683లో మరణించువరకు పాలించెను. 1952లో ఆల్బెర్టో రూస్ అను పురావస్తువేత్త శాసనాలయము క్రింద ఆయన సమాధిని తెరచెను. శవము ముఖముపై పచ్చరాతి ముక్కలతో కూర్చిన తొడుగు, రాతిపేటిక క్రింద సున్నపు గారతో మలచిన శిరస్సు లభించినవి. ఆ గార శిరస్సున ఉన్నత నాసికావంశము నొసటి నడుమ వరకు సాగి యుండును. జుట్టు మొక్కజొన్న ఆకులవలె ముందుకు వంగి యుండును.

వారి లిపిలో "బాహ్" అను నొక పదము కలదు. శిరస్సు, ముఖము, ప్రతిరూపము, తాను అను అర్థములన్నియు దానివే. రాజప్రతిమ క్రింద ఆ పదము చెక్కినచో ఇది ఆయన బొమ్మ యనియు, ఇది ఆయనయే యనియు చదువుకొనవచ్చును. శిరస్సును మలచుట యనగా "తాను" అను దానిని మలచుటయే యని దీనివలన ఊహింపవచ్చును.

దంతసంస్కారము వేరు; అది వయస్సు వచ్చినవారికి చేయునది. కఠినశిలాచూర్ణముతో బరమా త్రిప్పి పంటి పింగాణిలో గుండ్రని గుంట తొలిచి, పచ్చరాతి బిళ్లను చెట్టుజిగురు కలిపిన లేపనముతో అతికించెడివారు. వేయేండ్లు గడచినను అనేకము లూడలేదు! బరమా లోతుగా దిగినప్పుడు పంటి మూలమున చీము పట్టిన గుర్తులును కొన్ని దవడలలో కనబడుచున్నవి. పచ్చరాయి వారికి జలము, పైరు, ప్రాణవాయువుల చిహ్నము. మృతుని నోట పచ్చపూస నుంచుటయు ఆచారమే. కొందరి ముందుపండ్లు ఆంగ్లాక్షరమగు "టీ" ఆకారమున అరగదీయబడినవి. ఆ ఆకారము వారి లిపిలో గాలిని, శ్వాసను సూచించు "ఇక్" గుర్తు.

తల్లులు బిడ్డ కనుబొమల నడుమ వ్రేలాడునట్లు జుట్టునకు చిన్న ఉండను కట్టి మెల్లకన్ను కలుగునట్లు చేసెడివారని డియెగో దె లాండా వ్రాసెను. సూర్యదేవుని వారు మెల్లకన్నులతోనే చిత్రించిరి. పచ్చబొట్లు లేనివారిని పరిహసించెడివారనియు ఆయనయే వ్రాసెను. ఈ లాండా 1562లో మానీ అను ఊరిలో మాయాగ్రంథములను అగ్నికి ఆహుతి చేయించిన స్పానిష్ సన్న్యాసి. నేడు మిగిలిన వారి వ్రాతపుస్తకములు నాలుగే. కావున ఆ గృహాచారములను గూర్చి కాల్చినవాని సాక్ష్యమునే మనము అడుగవలసి వచ్చుచున్నది.

ఆయన లేఖని సోకని సాక్ష్యము రాతియందు కలదు. యాష్చిలాన్ నగరపు ద్వారముపై నుండిన అడ్డురాయి యొకటి నేడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియమున నున్నది. 709లో జరిగిన క్రతువు అందు చెక్కబడినది. రాణి కబాల్ షోక్ జరీవంటి అల్లికల వస్త్రముతో, పచ్చరాతి కర్ణాభరణములతో మోకరిల్లి, ముండ్లు గ్రుచ్చిన త్రాటిని నాలుకగుండా లాగుచున్నది. రక్తము ఎదుటనున్న పాత్రలోని కాగితములపై పడుచున్నది. భర్త దివిటీ పట్టి నిలిచియున్నాడు. ఆమె నొసలు వెనుకకు వాలియే యున్నది.